నచ్చినవాడి నేరం, నచ్చనివాడి శిక్ష

నేను ఇంటర్మీడియట్ చదువుతున్న రోజుల్లో మా హాస్టల్లో ఒక కుర్రాడు ఉండేవాడు. ఎవరితోనూ కలిసేవాడు కాదు, అడిగితే తప్ప మాట్లాడేవాడు కాదు, మాట్లాడినా ఎదుటివాళ్ల కళ్లలోకి చూసేవాడు కాదు. గదుల్లో డబ్బులు పోవడం మొదలైనప్పుడు, ఎవరూ ఎవరినీ అడగకుండానే, అందరి అనుమానమూ అతడి మీదికి వెళ్లింది. నిప్పు లేనిదే పొగ రాదు కదా అన్నారు. ఒక రాత్రి పదిహేను మందిమి అతడి గదిలోకి వెళ్లాం. పెట్టె తెరిపించాం, పరుపు దులిపించాం, ఏమీ దొరకలేదు. దొరకకపోవడం కూడా మాకు అతడి తెలివికి రుజువులాగే కనిపించింది. ముగ్గురు నలుగురు చేయి చేసుకున్నారు. నేను కొట్టలేదు, గుమ్మం దగ్గర నిలబడి వార్డెన్ వస్తాడేమోనని చూడటం నా వంతు. వారం తిరగకముందే అతడు టీసీ తీసుకుని వెళ్లిపోయాడు.

నెల తరువాత అసలు దొంగ దొరికాడు. అతడు మా అందరికీ ఇష్టమైనవాడు. బాగా పాడేవాడు, ఎవరికైనా జ్వరం వస్తే రాత్రంతా మంచం పక్కన కూర్చునేవాడు, లెక్కలు రానివాళ్లకు విసుక్కోకుండా చెప్పేవాడు. విషయం తెలిసిన రాత్రి గదిలో ఎవరెవరు ఏమన్నారో నాకు ఇప్పటికీ గుర్తుంది. "వాడికి ఇంట్లో ఏం కష్టం వచ్చిందో పాపం" అన్నాడు ఒకడు. "వార్డెన్‌కి చెబితే వాడి చదువు పోతుందిరా" అన్నాడు మరొకడు. ఎవరమూ చెప్పలేదు. దెబ్బలు తిని వెళ్లిపోయినవాడి ఊసు ఆ రాత్రి ఒక్కరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

చాలా ఏళ్లపాటు ఆ రెండు రాత్రులనూ నేను సంబంధం లేని రెండు సంఘటనలుగానే గుర్తుపెట్టుకున్నాను. మొదటిది తలచుకుంటే సిగ్గుగా ఉండేది. రెండోది తలచుకుంటే, స్నేహితుణ్ని కాపాడుకున్నామన్న తృప్తి ఉండేది. అవి ఒకే తప్పుకు రెండు రూపాలని అర్థం కావడానికి నాకు దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. రెండు రాత్రులూ మేము జరిగినదేమిటో చూడలేదు, చేసినవాడు ఎలాంటివాడో చూసి తీర్పు చెప్పాం. నచ్చనివాడికి నేరం చేయకుండానే శిక్ష పడింది, నచ్చినవాడికి శిక్ష పడకుండానే నేరం మాసిపోయింది. చట్టాన్ని చేతుల్లోకి తీసుకున్నవాణ్ని వీరుడిగా కొలవడం గురించీ, మాటతీరూ ధైర్యమూ ఉన్న నేరస్థుణ్ని వెనకేసుకురావడం గురించీ మనం సాధారణంగా విడివిడిగా మాట్లాడుకుంటాం. ఆ రెండూ ఒకే అలవాటు నుంచి పుట్టాయని, ఒకదాన్ని ముద్దు చేస్తూ రెండోదాన్ని అదుపులో పెట్టడం ఎవరివల్లా కాదని నా నమ్మకం.

నచ్చిన నేరస్థుడితో మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడ మన మనసు మనకు చాలా మంచిదిగా కనిపిస్తుంది. 1963 ఆగస్టు 8 తెల్లవారుజామున గ్లాస్గో నుంచి లండన్ వస్తున్న తపాలా రైలును బకింగ్‌హామ్‌షైర్‌లో ఒక ముఠా ఆపింది. సిగ్నల్‌లోని పచ్చ దీపాన్ని చేతితొడుగుతో కప్పేసి, బ్యాటరీతో ఎర్ర దీపం వెలిగించారు. సుమారు 26 లక్షల పౌండ్లు ఎత్తుకుపోయారు, తుపాకి పేల్చలేదు. పథకంలోని చాతుర్యం, పోయినది పేదవాడి సొమ్ము కాకపోవడం, ఆపైన న్యాయస్థానం కొందరికి 30 ఏళ్ల చొప్పున శిక్ష వేయడం, ఇవన్నీ కలిసి జనాభిమానాన్ని దొంగలవైపు తిప్పాయి. వాళ్లలో రోనీ బిగ్స్ 1965లో జైలు గోడ దాటి పారిపోయి, చివరికి బ్రెజిల్ చేరి, దశాబ్దాలపాటు అక్కడ పేరున్న మనిషిలా బతికాడు. దోపిడీలో అతడిది చిన్న పాత్రే. అయినా ఆ ముఠాలో లోకానికి ఎక్కువగా గుర్తున్న పేరు అతడిదే, ఎందుకంటే దొరకకుండా తిరిగినవాడి కథ వినడానికి బాగుంటుంది.

ఆ రైలు నడిపిన మనిషి పేరు జాక్ మిల్స్. ఇంజనులోకి ఎక్కినవాళ్లు అతడి తలమీద బలంగా కొట్టారు. ముఠా తెచ్చుకున్న డ్రైవరుకు ఆ ఇంజను నడపడం చేతకాకపోవడంతో, దెబ్బ తిన్న ఆ మనిషిచేతే రైలును మరికొంత దూరం ముందుకు నడిపించుకున్నారు. ఆ తరువాత అతడు తేలికపాటి పనులకే పరిమితమయ్యాడు, మునుపటి మనిషి కాలేకపోయాడు, 1970లో లుకేమియాతో చనిపోయాడు. లుకేమియా ఆ దెబ్బవల్ల రాలేదు, నిజమే. కానీ ఆ దెబ్బకూ ఆ చివరి ఏడేళ్లకూ సంబంధం లేదని ఎవరూ అనలేరు. దొంగల మీద జాలి పడినవాళ్లలో ఎక్కువమంది చెడ్డవాళ్లు కారు, నేను కూడా ఆ కథ మొదటిసారి చదివినప్పుడు దొంగలు దొరక్కుండా ఉంటే బాగుండునని కోరుకున్నాను. జాక్ మిల్స్ పేరు నాకు ఎన్నో ఏళ్ల తరువాత తెలిసింది. ఇష్టమైన నేరస్థుడి కథల్లో ఇది ఎప్పుడూ ఇలాగే జరుగుతుంది: ముఖం ఒకరికే ఉంటుంది, మిగిలినవాళ్లు అతడి సాహసానికి అడ్డుగా వచ్చిన వస్తువులవుతారు.

అమెరికాలో జెస్సీ జేమ్స్ అనే దోపిడీదొంగ పేరు కూడా అలా పెరిగినదే. 1869లో మిస్సోరీలోని గాలటిన్ పట్టణంలో బ్యాంకు మీద పడినప్పుడు అక్కడి క్యాషియర్ని కాల్చి చంపారు. దోచుకోవడానికి అడ్డుపడ్డాడని కాదు, తాము పగబట్టిన వేరొక మనిషి అనుకుని చంపారని చరిత్రకారుల మాట. దోచిన సొమ్ము పేదలకు పంచినట్టు ఆధారాలు లేవు. అతడిని ధర్మదాతగా నిలబెట్టినది కాన్సాస్ సిటీలో పనిచేసిన ఒక పత్రికా సంపాదకుడు. అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాది పక్షాన పోరాడిన ఆ సంపాదకుడికి ఓడినవాళ్ల తరఫున ఒక వీరుడు కావలసి వచ్చాడు, అంతే.

ఆస్ట్రేలియాలోని నెడ్ కెల్లీ అనే దోపిడీదొంగ సంగతి అంత తేలికగా తీసిపారేయదగినది కాదు. అక్కడ జనం అభిమానం వెనక నిజమైన గాయం ఉంది. పేద ఐరిష్ రైతు కుటుంబాల మీద పోలీసుల వేధింపులు కల్పన కాదు. 1880 నవంబరులో అతడిని ఉరితీయవద్దని 30,000 మందికి పైగా సంతకాలు చేశారు. ఆ తరువాత ఏర్పాటైన విచారణ సంఘం పోలీసుల తీరును గట్టిగానే విమర్శించింది. అంటే ఆ జనాభిమానం ఒక సాక్ష్యం, వ్యవస్థలో ఏదో కుళ్లిందని చెప్పే సాక్ష్యం, దాన్ని వినకపోవడం పాలకుల తప్పు. కానీ 1878లో స్ట్రింగీబార్క్ క్రీక్ దగ్గర కెల్లీ ముఠా చేతిలో చనిపోయిన ముగ్గురు పోలీసుల విషయంలో ఆ సంతకాలు ఏమీ చెప్పలేవు. 1880లో గ్లెన్‌రోవన్ దగ్గర పట్టాలు పీకించి, పోలీసులతో వస్తున్న రైలును లోయలో పడేయాలని అతడు వేసిన పథకం విషయంలోనూ చెప్పలేవు. బడిపంతులు ఒకడు ధైర్యం చేసి ఎదురువెళ్లి రైలును ఆపకపోయి ఉంటే, అందులో ఉన్న విలేఖరులు సహా ఎంతమంది పోయేవారో. జనం ప్రేమను సాక్ష్యంగా తీసుకోవచ్చు. తీర్పుగా తీసుకోకూడదు.

ఇక చట్టాన్ని చేతుల్లోకి తీసుకున్నవాళ్ల దగ్గరికి వస్తే, నా మనసు చాలా కాలంగా ఒక తల్లి చుట్టూ తిరుగుతోంది. 1981 మార్చి 6న పశ్చిమ జర్మనీలోని ల్యూబెక్ నగర న్యాయస్థానంలో ఒక హత్యకేసు విచారణ మూడో రోజుకు చేరింది. ఏడేళ్ల బాలికను చంపినట్టు నిందితుడు ఒప్పుకున్నాడు. అంతకుముందు కూడా పిల్లలపై లైంగిక నేరానికి శిక్ష పడినవాడు. అది చాలదన్నట్టు, ఆ పసిదే తనను బెదిరించి డబ్బు గుంజాలని చూసిందని చెప్పుకున్నాడు. బాలిక తల్లి మరియాన్నె బాఖ్‌మయర్, దాచి తెచ్చుకున్న పిస్తోలుతో, ఆ గదిలోనే అతడిని వెనకనుంచి కాల్చి చంపింది. ఆ తల్లి చోట నన్ను నిలబెట్టుకుని చూసుకుంటే ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. జర్మనీలో కూడా ఎందరికో రాలేదు. ఉత్తరాలు వచ్చాయి, విరాళాలు వచ్చాయి.

తరువాత జరిగినదే నన్ను నిద్రపోనివ్వని భాగం. ఆమె తన జీవితకథను ఒక పత్రికకు అమ్ముకుంది. ఆ కథలో, అంతకుముందు పుట్టిన ఇద్దరు పిల్లలను దత్తతకు ఇచ్చేసిందని, మద్యశాల నడిపేదని, బిడ్డను చూసుకునే తీరు కూడా అందరూ ఊహించుకున్నట్టు లేదని బయటపడింది. అభిమానం వచ్చినంత వేగంగా వెనక్కి మళ్లింది. నిన్నటిదాకా తల్లుల్లో తల్లి అన్నవాళ్లలో కొందరు ఆమెను ఆడిపోసుకున్నారు. ఆమె చేసిన పనిలో ఆ మధ్యకాలంలో ఏమీ మారలేదు. తూటాలు అవే, చనిపోయినవాడు వాడే, పోయిన బిడ్డ ఆ బిడ్డే. మారినది ఆమె గురించి జనానికి తెలిసిన కథ ఒక్కటే. కూతుర్ని పోగొట్టుకున్న దుఃఖానికి మంచి గృహిణి అన్న యోగ్యతాపత్రం కావలసి వచ్చిందంటే, మొదట ఆమెకు దక్కినది న్యాయమూ కాదు, నిజమైన జాలి కూడా కాదనుకుంటాను. జనం తమకు నచ్చిన బొమ్మను ప్రేమించారు, బొమ్మకు బీట పడగానే విసిరేశారు.

ఆ న్యాయస్థానం మాత్రం బొమ్మను చూడలేదు. 1983లో ఆమె చేసినది హత్య కింద రాదని, అంతకంటే తేలికైన నరహత్య కిందికి వస్తుందని తేల్చి ఆరేళ్ల శిక్ష వేసింది. అందులో సగం అనుభవించి ఆమె బయటికి వచ్చింది. ఎన్నో ఏళ్ల తరువాత ఒక టెలివిజన్ కార్యక్రమంలో, తాను ఆలోచించుకునే కాల్చానని, తన కూతురిమీద అతడు ఇంకా అబద్ధాలు చెప్పకుండా ఆపాలనుకున్నానని చెప్పింది. ఆ మాట నాకు అర్థమవుతుంది. కానీ ఆ తూటాలు అతడి నోటితోపాటు విచారణను కూడా మూసేశాయి. ఆ బిడ్డమీద మోపిన నింద అబద్ధమని ఒక న్యాయమూర్తి లిఖితపూర్వకంగా చెప్పే రోజు ఇక రాలేదు.

కోపం న్యాయమైనదైతే ఆ కోపంతో చేసిన పని కూడా న్యాయమైనదే అవుతుందా అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. అశ్వత్థామ కోపానికి కారణం లేదని ఎవరనగలరు? తండ్రి చేత అబద్ధంతో అస్త్రసన్యాసం చేయించి తల నరికారు. ఆ పగతో అతడు అర్ధరాత్రి శిబిరంలో దూరి, చివరికి చంపినవాళ్లలో నిద్రపోతున్న ద్రౌపది కొడుకులు ఉన్నారు. ఆ యుద్ధం మొత్తంలో న్యాయమైన పగకు అంతకంటే మంచి ఉదాహరణ లేదు, అంతకంటే ఘోరమైన ఫలితమూ లేదు. ఐదుగురు కొడుకులనూ పోగొట్టుకున్న ఆ తల్లి, అతడిని కట్టి తెచ్చి ముందు నిలబెట్టినప్పుడు, ఇతడి తల్లి కూడా నాలాగా ఏడవవద్దని విడిపించమన్నట్టు భాగవత కథ చెబుతుంది. క్షమించాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. నేను గమనించమంటున్నది ఒక్కటే, చుట్టూ ఉన్నవాళ్లలో ప్రతి ఒక్కరూ ఆయుధంతో ఆలోచిస్తున్నప్పుడు ఆమె ఎదుటివాడి వెనక ఉన్న మరో మనిషిని చూడగలిగింది.

గుంపుకు ఆ చూపు ఉండదు. 1913లో అట్లాంటాలోని ఒక పెన్సిళ్ల కర్మాగారంలో పనిచేసే 13 ఏళ్ల మేరీ ఫేగన్ హత్యకు గురైంది. నేరం కర్మాగారం పర్యవేక్షకుడు లియో ఫ్రాంక్ మీద పడింది. అతడు ఉత్తరాది నుంచి వచ్చినవాడు, యూదుడు, పైగా కూలీల మీద అధికారం ఉన్నవాడు. ఆ ఊరికి నచ్చకపోవడానికి అవి చాలు. మరణశిక్ష పడింది. కాగితాలన్నీ తిరిగి చదివిన గవర్నరు జాన్ స్లేటన్ అనుమానం తీరక 1915 జూన్‌లో దాన్ని యావజ్జీవ శిక్షగా మార్చాడు. ఆగస్టులో ఒక బృందం జైలు నుంచి ఫ్రాంక్‌ను ఎత్తుకుపోయి, 17వ తేదీన మారియెటాలో ఒక చెట్టుకు ఉరితీసింది. ఆ బృందంలో ఉన్నది తాగుబోతులూ రౌడీలూ కారు, పేరున్న పెద్దమనుషులు. తాము చేస్తున్నది ఆ పసిపిల్లకు న్యాయమని మనస్ఫూర్తిగా నమ్మినవాళ్లు. 1982లో, ఆ కర్మాగారంలో చిన్నప్పుడు పనిచేసిన ఒక ముసలాయన, బాలిక శవాన్ని వేరొక మనిషి మోసుకుపోవడం చూశానని చెప్పాడు. చెబితే చంపుతానని అప్పట్లో ఆ మనిషి బెదిరించాడట. 1986లో జార్జియా రాష్ట్రం ఫ్రాంక్‌కు మరణానంతర క్షమాభిక్ష ప్రకటించింది. చెట్టుకు వేలాడదీసినవాణ్ని దించి మళ్లీ విచారించే వీలు ఎవరికీ లేదు.

మనిషి పరాయివాడైతే ఇంత కథ కూడా అక్కరలేదు. 2018 జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో, పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లన్న పుకారుతో, భిక్షాటనకు వచ్చిన సంచారజాతికి చెందిన ఐదుగురిని కొట్టి చంపారు. బ్రిటన్‌లో 2000లో పిల్లలపై లైంగిక నేరాలు చేసేవాళ్ల మీద జనాగ్రహం రేగినప్పుడు, ఒక పిల్లల వైద్యురాలి ఇంటిమీద నింద రాశారు. ఇంగ్లీషులో ఆ నేరస్థుల పేరూ ఆమె వృత్తి పేరూ ఒకేలా మొదలవుతాయి, దానికంటే వేరే కారణం లేదు. పుకారు వ్యాపించేంత వేగంగా అనుమానం వ్యాపించదు, అనుమానం అంటే ఇక్కడ నా ఉద్దేశం మన మీద మనకు ఉండవలసిన అనుమానం.

ఇప్పుడు నేను చెప్పక తప్పని ఒక ఉదయం గురించి. 2019 నవంబరు చివర్లో హైదరాబాద్ శివార్లలో ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య విని తల్లడిల్లనివాళ్లు లేరు. డిసెంబరు 6న ఆ కేసులో నలుగురు నిందితులూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారని వార్త వచ్చింది. జనం పోలీసుల మీద పూలు చల్లారు. నేను చల్లలేదు గానీ, ఆ వార్త చదివి సంతోషించాను. సంతోషమంటే చిన్న మాట. ఛాతీ మీది బరువు దిగినట్టు అనిపించింది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. పోలీసులు చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని ఆ కమిషన్ అభిప్రాయపడింది. ఆ నలుగురే ఆ నేరం చేశారేమో; నేను కాదనడం లేదు. నేను సంతోషించిన ఉదయం నాటికి నాకు అది తెలియదు. వాళ్ల వయసు తెలియదు. వాళ్లమీద ఉన్న సాక్ష్యం ఏమిటో తెలియదు. నాకు తెలిసినదల్లా వాళ్ల మీద నాకున్న అసహ్యం. హాస్టల్ గుమ్మం దగ్గర నిలబడిన కుర్రాడు పెద్దవాడై మళ్లీ అక్కడే నిలబడ్డాడని నాకు ఆ నివేదిక చదివినప్పుడు అర్థమైంది.

ఈ వాదనకు బలమైన జవాబు ఒకటుంది, దాన్ని తప్పించుకుని వెళ్లడం నిజాయితీ కాదు. చట్టం పనిచేసేచోట ఈ మాటలన్నీ బాగుంటాయి. చట్టమే నేరస్థుడి జేబులో ఉన్నచోట ఏం చేయాలి? 2004 ఆగస్టు 13న నాగ్‌పూర్ న్యాయస్థానంలో అక్కూ యాదవ్ అనే రౌడీని మహిళల గుంపు దాడి చేసి చంపింది. కస్తూర్బా నగర్ అనే బస్తీని అతడు ఏళ్ల తరబడి అత్యాచారాలతో, హత్యలతో, వసూళ్లతో వణికించాడు. ఫిర్యాదు చేస్తే పోలీసులు పట్టించుకోలేదని, పైగా ఆ సంగతి అతడికే చేరేదని ఆ మహిళలు చెప్పారు. ఆ తరువాత, అందరినీ అరెస్టు చేయండంటూ బస్తీ మహిళలు వందల్లో ముందుకు వచ్చారు. 2014లో సాక్ష్యాలు లేవంటూ న్యాయస్థానం నిందితులను విడుదల చేసినప్పుడు నాకు ఊరట కలిగింది, దాన్ని దాచుకోను. ఆ మహిళలను ఖండించే అర్హత నాకు లేదు. వేరే దారి మిగలనివాళ్లు చేసిన పని ఆత్మరక్షణకు చాలా దగ్గరగా ఉంటుంది, ఆత్మరక్షణను ఏ చట్టమూ కాదనదు.

అయితే వాళ్లు చేసినదాన్ని అర్థం చేసుకోవడం వేరు, దూరంగా కూర్చుని చప్పట్లు కొట్టే నాలాంటివాళ్లు దాన్ని ఆదర్శంగా నిలబెట్టడం వేరు. దారి మూసుకుపోయినది వాళ్లకు, నాకు కాదు. వాళ్ల నిస్సహాయతను నేను అరువు తెచ్చుకోలేను. పైగా వాళ్ల పనిని కీర్తించడంతో సరిపెట్టుకుంటే, ఆ ఫిర్యాదులు తీసుకోని అధికారులను అడిగేవాళ్లే ఉండరు; కంచే చేను మేసిన కథ కాస్తా చేను తానే లేచి తిరగబడిన వీరగాథగా మారిపోతుంది. కంచె మాత్రం అలాగే ఉంటుంది.

అలాంటి హత్య తరువాత ఆ ఊరికి ఏమవుతుందో కూడా చూడాలి. అమెరికాలోని మిస్సోరీలో స్కిడ్‌మోర్ అనే చిన్న ఊరిని కెన్ మెక్‌ఎల్‌రాయ్ అనేవాడు ఏళ్లపాటు భయపెట్టి బతికాడు. ఒక వృద్ధ దుకాణదారుణ్ని కాల్చిన కేసులో దోషిగా తేలి, అప్పీలు మీద బయట తిరుగుతుండగా, 1981 జులై 10న పట్టపగలు నడివీధిలో అతడిని కాల్చి చంపారు. పదుల సంఖ్యలో మనుషులు అక్కడే ఉన్నారు. కాల్చినది ఫలానావాడని మరణించినవాడి భార్య తప్ప ఎవరూ చెప్పలేదు, ఎవరిమీదా కేసు నిలబడలేదు. తూటాలు వచ్చినప్పుడు ఆ భార్య అదే వాహనంలో అతడి పక్కన కూర్చుని ఉంది. ఆమెకు తగలకపోవడం అదృష్టం తప్ప ఎవరి జాగ్రత్తా కాదు. తగిలి ఉన్నా ఆ ఊరు అలాగే మౌనంగా ఉండేదా? ఉండేదనే నాకు అనిపిస్తుంది. ఎందుకంటే ఒక హత్యను కాపాడటానికి అలవాటుపడిన మౌనం రెండో శవాన్ని చూసి నోరు తెరవదు.

అలాగని జాలిని చంపుకోమని నేను అనడం లేదు. జాలి లేని న్యాయస్థానం నాకు గుంపు కంటే గొప్పగా కనిపించదు. నా బాధల్లా జాలి తన చోటు వదిలి వేరేచోట కూర్చోవడం గురించే. ప్రతి నేరంలోనూ రెండు ప్రశ్నలుంటాయి. ఏం జరిగింది, ఎవరు చేశారు అన్నది మొదటిది. చేసినవాడితో ఇప్పుడు మనం ఎలా ప్రవర్తించాలన్నది రెండోది. మొదటి ప్రశ్నలోకి జాలినిగానీ ద్వేషాన్నిగానీ రానిచ్చామా, లియో ఫ్రాంక్ చెట్టుకు వేలాడతాడు, జాక్ మిల్స్ కథలోంచి మాయమైపోతాడు. రెండో ప్రశ్నలో మాత్రం జాలికి పెద్దపీట వేయాలి. బాఖ్‌మయర్‌కు శిక్ష తగ్గించిన న్యాయస్థానం చేసినది అదే. ఆమె కాల్చలేదని అది చెప్పలేదు, కాల్చడం సరైనదనీ చెప్పలేదు. కాల్చిన చేయి ఎలాంటి తల్లిదో మరిచిపోలేదు. మా హాస్టల్లో మేము చేయవలసింది కూడా అదే. నిజం వార్డెన్‌కు చెప్పి, ఆ తరువాత అందరం కలిసి వెళ్లి, ఒక్క అవకాశం ఇవ్వండి సార్ అని మా స్నేహితుడి తరఫున బతిమాలి ఉంటే అది స్నేహమయ్యేది. వెళ్లిపోయిన కుర్రాడి ఇంటికి వెళ్లి అతడి తల్లిదండ్రుల ముందు తప్పు ఒప్పుకోవలసింది. అతడు దొంగ కాదని మా హాస్టల్లో అందరికీ తెలుసు, అతడి ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఇంతకీ కోపాన్ని ఏం చేసుకోవాలి? దీనికి నాకు తెలిసిన గొప్ప జవాబు ఒక న్యాయవిద్యార్థిది. 1921 మార్చి 15న బెర్లిన్ వీధిలో సొఘొమోన్ తెహ్లిరియన్ అనే ఆర్మేనియన్ యువకుడు, టర్కీని ఏలిన ఒట్టోమన్ ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న తలాత్ పాషాను కాల్చి చంపాడు. 1915లో మొదలైన ఆర్మేనియన్ల సామూహిక సంహారానికి ప్రధాన బాధ్యుల్లో తలాత్ ఒకడు. ఇస్తాంబుల్ న్యాయస్థానం అతడి పరోక్షంలో మరణశిక్ష వేసినా, బెర్లిన్‌లో మారుపేరుతో బతుకుతున్నాడు. తన కళ్లముందే తల్లిని చంపారని తెహ్లిరియన్ చెప్పాడు. జ్యూరీ గంటసేపు ఆలోచించి అతడిని నిర్దోషిగా విడిచిపెట్టింది. తల్లి చనిపోయిన సమయంలో అతడు ఆ చోట లేడని, తలాత్ హత్య ఒక రహస్య సంస్థ పథకమని చరిత్రకారులు తరువాత బయటపెట్టారు. అతడి కుటుంబం నిజంగానే నాశనమైంది, కానీ జ్యూరీ మనసు కరిగించిన ఆ దృశ్యం అతడు చూసినది కాదు.

పోలండ్‌లో ల్వూవ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న రాఫెల్ లెమ్కిన్ అనే యూదు యువకుడు ఈ కేసు గురించి తన ఆచార్యుణ్ని అడిగాడు: ఒక మనిషిని చంపిన తెహ్లిరియన్ చేసినది నేరమైతే, లక్షల మందిని చంపించినవాడు చేసినది ఎందుకు నేరం కాదు? రైతు తన కోళ్లను తాను చంపుకుంటే అడ్డుపడటానికి మనమెవరమని ఆచార్యుడు జవాబిచ్చాడట. లెమ్కిన్ తెహ్లిరియన్‌ను గౌరవించాడు. అయినా ఒక మనిషి తనకు తానే న్యాయమూర్తి కావడం కుదరదనీ, లోపం ఆ యువకుడిలో కాక ప్రపంచంలో అలాంటి చట్టం లేకపోవడంలో ఉందనీ నమ్మి, ఆ చట్టం కోసం జీవితమంతా తిరిగాడు. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు అతడి బంధువుల్లో 49 మందిని చంపారు. అప్పుడు కూడా అతడు చట్టం దారినే నమ్ముకున్నాడు. జాతిసంహారం అన్న నేరానికి ఒక పేరు పెట్టి 1944లో ప్రచురించాడు. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి దాన్ని నేరంగా ప్రకటించే ఒప్పందాన్ని ఆమోదించింది. లెమ్కిన్ 1959లో చనిపోయాడు. ఆ నేరానికి ఒక అంతర్జాతీయ న్యాయస్థానం మొదటి తీర్పు ఇచ్చింది 1998 సెప్టెంబరు 2న. అంత ఆలస్యాన్ని సమర్థించడానికి నా దగ్గర మాటలు లేవు.

ఆ తీర్పు రువాండాలో తబా అనే ప్రాంతానికి మేయరుగా ఉన్న జాన్-పాల్ అకయేసు మీద వచ్చింది. 1994లో తన ప్రాంతంలో టుట్సీ జాతివాళ్లను ఊచకోత కోస్తుంటే ఆపకపోగా ప్రోత్సహించినవాడు. టాంజానియాలోని అరుషా నగరంలో 1997లో విచారణ మొదలైనప్పుడు అతడి అభియోగపత్రంలో అత్యాచారం అన్న మాటే లేదు. అప్పుడు ఒక తల్లి సాక్ష్యం చెప్పడానికి వచ్చింది. భద్రత కోసం నమోదుల్లో ఆమెకు పేరు లేదు, జె అన్న అక్షరం మాత్రమే ఉంది. తండ్రిని చంపడానికి వచ్చిన ముగ్గురు తన ఆరేళ్ల కూతురిని ఏం చేశారో ఆమె ఆ గదిలో నిలబడి చెప్పింది. ఆమె తరువాత వేరే స్త్రీలూ చెప్పారు. జూన్‌లో అభియోగపత్రాన్ని సవరించారు. ఒక జాతిని నాశనం చేసే ఉద్దేశంతో చేసిన అత్యాచారం కూడా జాతిసంహారమేనని ఒక అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పడం అదే మొదటిసారి.

అకయేసును 1994లోనే ఎవరైనా కాల్చి చంపి ఉంటే నేను తప్పకుండా సంతోషించి ఉండేవాణ్ని. ఆ తల్లి అరుషాకు వెళ్లి ఉండేది కాదు, ఆమె చెప్పినది ఎవరూ రాసుకుని ఉండేవారు కాదు.